బాల్యపు బొమ్మలకు మంచి నెలవు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లు నిండిన పాఠశాల ఉత్సవంలో బొమ్మలను గూర్చి ముచ్చటించడం కొందరికి వింతగా తోచవచ్చును. విద్య, భాష, క్రమశిక్షణ అనే విషయాలకు ఇట్టి సభలలో కొదువ ఉండదు. బొమ్మలకు మాత్రం వంతు రాదు. అయినను కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరం పరిసరాలలోని తెలుగు ఇండ్లను గమనించినవారికి ఈ ప్రస్తావన అకాలమనిపించదు. పెద్దల కాలం చెల్లిన తరువాత పాత ఇల్లు అమ్మకానికి వస్తుంది. పిల్లలు చెన్నైలోనో, బెంగుళూరులోనో, సముద్రాల కవతలనో ఉంటారు. రెండు మూడు రోజుల సెలవు మీద వచ్చి దస్తావేజులు, ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు, పట్టెమంచం పంచుకుంటారు. ఆఖరున అటక మీది నుండి ఒక రేకుపెట్టె దిగుతుంది. మూత తీయగానే పాత చీర పేలికలలో చుట్టిన బొమ్మలు. అంతవరకు చురుకుగా సాగిన పంపకం అక్కడ ఆగిపోతుంది. బిందెకు తూకముంది, నేలకు సెంటు లెక్కన ధర ఉంది. ముక్కు విరిగిన మట్టి చెట్టియారు బొమ్మకు ధర ఏది? పారవేయడానికి చేయి రాదు, పట్టుకొని పోవడానికి విమానంలో చోటు లేదు. చివరకు పాత సామాన్ల వ్యాపారి బండి మీద పెట్టెతో సహా వెళ్ళిపోతుంది. వ్యాపారికి కావలసింది పెట్టె. బొమ్మలు వీధి మలుపులోనే కుప్పగా మిగులుతాయి.

ఆ పెట్టెలో ఒకే జాతి బొమ్మలుండవు. కొలువు తీర్చే ఆచారమున్న ఇండ్లలో మట్టి బొమ్మలే ఎక్కువ. ఆంధ్ర తీరమండలంలో సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చేవారు అధికులు. తమిళ మండలంలో స్థిరపడిన తెలుగువారు ఇరుగుపొరుగుతో పాటు నవరాత్రులలో తీరుస్తారు. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది అని బేసి సంఖ్యలో మెట్లు. ఏటేటా ఒక్క కొత్త బొమ్మయైనా చేరవలెననే నియమం. ఈ ప్రాంతానికి మట్టి బొమ్మలంటే మదురై చెంతనున్న విళాచ్చేరి కుమ్మరుల పనితనమే ముందుగా గుర్తుకు వస్తుంది. కరిసల్ నేలను, అంటే నల్లరేగడిని నమ్ముకొన్న వ్యవసాయదారుల ఇండ్లలో కొలువు మెట్లు లేకపోవచ్చును గాని బొమ్మలకు కరువు లేదు. చెరువు బంకమట్టితో చేసి ఎండబెట్టిన ఎడ్లు, తాటాకు బొమ్మలు, ముంజలు తిన్న తరువాత మిగిలిన తాటిబుర్రలతో చేసిన బండ్లు, పత్తి కూరి కుట్టిన గుడ్డబొమ్మలు, అంబాసముద్రం నుండి వచ్చిన లక్కపిడతలు. ఈ లక్కపిడతలనే తమిళులు చెప్పు సామాను అంటారు. ఆ మాట తెలుగు బిడ్డ చెవికి మరొక విధంగా వినిపించడం సహజమే!

వీటన్నిటిలోను మరపాచి జంట కథ వేరు. తిరుపతి ప్రాంతపు ఎర్రచందనంలో మలచిన రాజు, రాణి బొమ్మలివి. పెండ్లికూతురికి పుట్టింటివారు ఈ జంటను ఇచ్చి పంపడం, అత్తవారింట కొలువులో వాటినే మొట్టమొదట నిలపడం పలు కుటుంబాల ఆచారం. నేడు దీనిని శుభలాంఛనంగా చెప్పుకొంటారు. కాని ఒక్క లెక్క గుర్తుంచుకోవాలి. ఆడపిల్లకు పెండ్లి యీడు 14 ఏండ్లుగా నిర్ణయించిన శారదా చట్టం వచ్చినది 1929లో. అది 18 ఏండ్లయినది 1978లో. చట్టం ఏమి చెప్పినా పల్లెలో అంతకు ముందే పెండ్లిండ్లు జరిగిపోయేవి. పదకొండేండ్ల పిల్ల వెంట సారెతో వచ్చిన బొమ్మ లాంఛనం కాదు, నిజంగా ఆటబొమ్మే. పగలంతా అత్తగారి చాటున పనిచేసి, రాత్రి ఆ చెక్కబొమ్మకు చీర కట్టిన బాలవధువులు ఈ నేల మీద వేలకొద్దీ ఉండిరి. వారిలో చివరి తరం అవ్వలు కొందరు ఇంకా ఉన్నారు. రేకుపెట్టెను వారినడగకుండా బండికెక్కించడం ఏ విధంగా చూచినా తగిన పని కాదు. బొమ్మకు నెలవు వెదకవలసివచ్చినప్పుడు మొదటి ప్రశ్న ఎవరికి ఇవ్వాలన్నది కాదు, అది ఎవరిది అన్నదే. అరువదేండ్లు దాటిన అక్కకు చిన్నప్పటి గుడ్డబొమ్మ ఇంకా కావలసి ఉండవచ్చును. అడిగితే నవ్వి వద్దంటుంది. రెండవసారి అడిగితే ఇమ్మంటుంది.

బొమ్మలతో పాటు పోయేది మరొకటి ఉంది. బడి అక్షరాలు నేర్పింది, వ్యాకరణం నేర్పింది, పద్యం కంఠస్థం చేయించింది. కాని వియ్యపురాలు, ఆడపడుచు, తలంబ్రాలు, అలక, అప్పగింతలు అనే మాటలను తమిళదేశపు తెలుగు బాలిక ఏ వాచకంలో నేర్చింది? బొమ్మల పెండ్లిలో నేర్చింది. ఒక ఇంటివారు మగపెండ్లివారు, పక్కింటివారు ఆడపెండ్లివారు. లక్కపిడతలలో బెల్లం, వేయించిన పల్లీలు విందు. కోవిల్‌పట్టి పల్లీకి బెల్లానికి పెట్టినది పేరు కదా! అక్కడి కడలైమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. విందు ముగిశాక మర్యాదలు సరిగా జరుగలేదని మగపెండ్లివారు కోపగించేవారు. ఆ కోపానికి కావలసిన తెలుగంతా ఇంటి పెద్దల నోట విన్నదే.

కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైచెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. దక్షిణానికి వలస వచ్చిన తెలుగువారి బ్రతుకును తమిళ నవలలుగా వ్రాసి, 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమందుకొన్న ఆ మహారచయిత, కరిసల్ సీమ మాటలను ఏరి ఒక నిఘంటువుగా కూడ కూర్చినారు. 2021లో ఆయన కన్నుమూసే నాటికి ఆ మాటలలో ఎన్నో పుస్తకంలో భద్రంగా ఉన్నవి. రైతు నోటి మాటకు నిఘంటువులో చోటు దొరికినట్లు, రైతుబిడ్డ బొమ్మకు కూడ ఎక్కడో ఒక చోటు దొరకవలెను గదా.

చోటు వెదకేటప్పుడు బొమ్మ దేనితో చేసినదో చూడక తప్పదు. ఈ మాట పిల్లల క్షేమం కోరి చెప్పవలసి వస్తున్నది. పాతకాలపు రంగులలో సీసం కలిసి ఉండే అవకాశముంది. నోట పెట్టుకొనే వయస్సు బిడ్డ చేతికి రంగు పెచ్చులూడే బొమ్మను, అది ఎంతటి అపురూపమైనదైనా, ఇవ్వరాదు. బొమ్మల నాణ్యతకు కేంద్ర ప్రభుత్వం 2021 జనవరి 1 నుండి భారతీయ ప్రమాణాల ముద్రను తప్పనిసరి చేసినది; అటక మీది బొమ్మ ఆ పరీక్షకు ఎన్నడూ నిలువలేదు. ఇక సెల్యులాయిడ్ బొమ్మలు. పింగాణివలె నునుపుగా, చేతికి తేలికగా ఉండే ఆ పాత బొమ్మలు నిప్పురవ్వ సోకితే భగ్గున మండిపోతాయి. అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరుపడిన ఊళ్ళలో ఈ సంగతిని విడమరచి చెప్పనక్కరలేదు. దీపం దగ్గర, పొయ్యి దగ్గర వాటికి తావీయరాదు.

గట్టివైన గుడ్డబొమ్మలు, రంగు వేయని చెక్క బొమ్మలు, పగుళ్ళు లేని లక్కపిడతలు ఆటకే పోవడం మేలు. ఊరి అంగన్‌వాడీకి మించిన చోటు వాటికి లేదు. 1975లో మొదలైన ఆ కేంద్రాలలో పిల్లలు నిండుగా ఉన్నారు, బొమ్మలు నిండుగా లేవు. అయితే ఇచ్చేవారు ఒక్క నియమం పాటించాలి. తమ మనుమరాలి చేతికి ఇవ్వడానికి సందేహించే బొమ్మను అనాథ బిడ్డ చేతికి ఇవ్వరాదు. చేయి లేని బొమ్మలను, చక్రం ఊడిన బండ్లను గోనెసంచిలో నింపి బాలల ఆశ్రమానికి పంపి, దానం చేసితిమని తృప్తి పడేవారున్నారు. అది దానం కాదు, ఇంటి చెత్తను మరొకరి ఇంటికి తరలించడం. ఉతకవలసినవి ఉతికి, కుట్టవలసినవి కుట్టి, ఒక్కొక్కటిగా పిల్లల చేతికి అందించినప్పుడే పుచ్చుకొన్న బిడ్డ దానికి పేరు పెట్టుకుంటుంది.

కొలువు బొమ్మలకు కొలువున్న ఇల్లే సహజమైన నెలవు. దశావతారాల వరుసలో రెండు విరిగి ఎనిమిది మిగిలిన ఇల్లు ఒకటుంటే, కొత్తగా కాపురం పెట్టి ఒక్క మెట్టుతో మొదలుపెట్టిన ఇల్లు వేరొకటి ఉంటుంది. ఆ రెంటిని కలిపే పని ఉత్తరాలతోను, పేరంటంలో మాటలతోను పూర్వం జరిగేది. నేడు చరవాణిలో క్షణాల మీద జరుగవచ్చును. అయితే వరుస బొమ్మలను విడదీయరాదు. పెండ్లి ఊరేగింపు సెట్టులో నాదస్వరం వాయించేవాడిని ఒకరికి, పల్లకిని ఒకరికి ఇచ్చితే రెండిండ్లలోను అది పెండ్లి కాకుండా పోతుంది. చిన్న విరుగుళ్ళను కుమ్మరి చేత అతికించవచ్చును. కొండపల్లి బొమ్మల వంటి పొణికి చెక్క బొమ్మలకైతే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతోనే అతుకు నిలుస్తుంది. బొమ్మ పుట్టినప్పుడు కూడ దాని అవయవాలు ఆ ముద్దతో అతికినవే.

బాగు కానంతగా విరిగిన మట్టి బొమ్మను నీటిలో కలపడం పెద్దల పద్ధతి. రంగు లేని పచ్చిమట్టి అయితే అది నేటికీ సరియైన పద్ధతియే; మట్టి మట్టిలో కలిసిపోతుంది. దక్షిణ తమిళ మండలంలో అయ్యనారు గుడుల ముందు మొక్కుగా నిలిపిన మట్టి గుర్రాలను ఎవరూ లోపల దాచరు. ఎండకు వానకు కరగిపోనిస్తారు, మొక్కు వచ్చినప్పుడు కొత్తవి చేయిస్తారు. ఎనామిలు రంగు పూసిన బొమ్మకు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మకు మాత్రం ఈ దారి పనికిరాదు. ఊరి చెరువు నీటిని పశువులు త్రాగుతాయి.

మిగిలినవి, ఆడుకోవడానికి వీలుకానివి, పారవేయడానికి మనసొప్పనివి, చూపుకు దాచవలసినవి. ఢిల్లీలోని శంకర్ అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాల ఒక్క బొమ్మతో మొదలైనదని చాలమందికి తెలియదు. వ్యంగ్యచిత్రకారుడు శంకర్ నడిపే పిల్లల పోటీకి బహుమతిగా హంగేరీ రాయబారి ఒక బొమ్మ నిచ్చినారు. దాని అందానికి ముగ్ధుడై శంకర్ దేశదేశాల బొమ్మలను సేకరించనారంభించినాడు. 1965 నవంబరులో ప్రదర్శనశాల తెరువబడినది. చెన్నై సమీపంలో 1996లో వెలసిన దక్షిణచిత్రలో దక్షిణాది ఇండ్లను, చేతిపనులను కాపాడుతున్నారు. అట్టి సంస్థల వారు బొమ్మ నందుకొనే ముందు అడిగే ప్రశ్నలు ఇవి: ఎవరు చేసిరి, ఎక్కడ కొనిరి, ఎవరు ఆడిరి, ఏ సంవత్సరం? సమాధానం లేని బొమ్మ వారికి వట్టి చెక్క. సమాధానం చెప్పగల అవ్వ ఇంట్లోనే ఉండగా ఎవరూ అడుగకపోవడమే తరచుగా జరిగేది.

పాఠశాలకు, బొమ్మకు సంబంధమేమని అడిగేవారికి జపాను ఉదంతం ఒకటి చెప్పవచ్చును. రెండు దేశాల నడుమ ద్వేషం పెరుగుతున్న రోజులలో, 1927లో, అమెరికా పిల్లలు జపాను పాఠశాలలకు పన్నెండు వేలకు పైగా బొమ్మలను స్నేహసూచకంగా పంపినారు. గూలిక్ అనే మతబోధకుని ప్రయత్నమది. జపాను వారు 58 పెద్ద బొమ్మలను బదులు పంపిరి. యుద్ధం వచ్చింది. శత్రుదేశపు బొమ్మలను నాశనం చేయవలెనని ప్రచారం సాగింది. వేలాది బొమ్మలు కాలిపోయినవి. అయినను కొందరు ఉపాధ్యాయులు వాటిని గోడల వెనుక, అటకల మీద, పాత సామాను అడుగున దాచిరి. మూడువందలకు పైగా మిగిలినవి. దొరికిపోతే శిక్ష తప్పదని తెలిసియే వారు ఆ పని చేసిరి.

ఇక్కడ అంతటి సాహసం అక్కరలేదు. బడిలో ఒక అద్దాల బీరువా, చెదలు పట్టకుండ గోడకు జానెడు ఎడంగా నిలిపినది, చాలును. ఎండ తగులని చోటు కావలెను. ఎడం వైపు తరగతులవారు ఆడుకొనదగినవి, కుడి వైపు చూడదగినవి. ఒక్కొక్క బొమ్మ క్రింద ఒక చీటీ. ఆ చీటీని పిల్లలే వ్రాయాలి, అవ్వ దగ్గర కూర్చుండి, ఆమె చెప్పినది చెప్పినట్లు. ఆ అవ్వకు పట్టణపు తెలుగు రాదు. ‘యాడ’ అంటుంది, ‘ఈ పొద్దు’ అంటుంది, నడుమ నడుమ తమిళం దొర్లుతుంది. దిద్దకూడదు. పిల్లవానికి తెలుగు లిపి రాకుంటే ఆమె తెలుగునే తమిళ లిపిలో వ్రాసికొని వస్తాడు. తెలుగు మాస్టారు చీటీ రెండవ వైపున తెలుగు లిపిలో ఎక్కిస్తారు.