ట్రాలీకి తగిన కొక్కెం, కొక్కేనికి తగిన పిన్ను



మీలో పెద్దవాళ్లంతా ఎడ్లబండి ఎక్కినవాళ్లే. బండి ఇరుసు చివర ఒక చిన్న ఇనుప ముక్క ఉంటుంది. దాన్ని కడశీల అంటారు. చూస్తే వేలెడంత. అది ఊడితే చక్రం ఊడుతుంది. చక్రం ఊడితే బండి బోల్తా. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య కూడా అలాంటి ముక్క ఒకటి ఉంది. దాని పేరు పిన్ను. ఈ నాలుగు మాటలూ ఆ పిన్ను గురించే.

ఆడవాళ్లకు ట్రాక్టరు సంగతులు ఎందుకని కొందరు మగవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ట్రాలీలో మిరప కోతకు, పత్తి ఏరడానికి పోయేది ఎవరు? ఆడవాళ్లే కదా! 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లాలో, వేములకొండ దగ్గర, కూలికి పోతున్నవాళ్ల ట్రాక్టరు ట్రాలీతో సహా మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. అక్కడ పిన్ను ఊడిందని కాదు. అసలు ట్రాలీ సరుకు కోసం చేసిన బండి. అందులో మనుషులకు సీటు లేదు, గట్టిగా పట్టుకోవడానికి ఏమీ లేదు. మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. అయినా ఆటో రాని ఊళ్లున్నాయి. ఆటో కిరాయి ఇవ్వని ఆసాములున్నారు. ఆటో అడగండి. అందరూ కలిసి అడగండి.

ఇక కొక్కెం సంగతి. ట్రాక్టరు వెనుక, కిందుగా, మందపాటి ఇనుప పట్టీ ఉంటుంది. దాన్ని డ్రాబార్ అంటారు. కొన్ని ట్రాక్టర్లకు కొక్కెం బిగిస్తారు. ట్రాలీ ముక్కు చివర గుండ్రటి కన్ను ఉంటుంది. కన్నును కొక్కెంలో పెట్టి, పైనుంచి పిన్ను దించుతారు. పిన్ను అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. అందులో క్లిప్పు పెట్టాలి. క్లిప్పు లేకపోతే గతుకుల్లో పిన్ను ఎగిరి బయటికి వస్తుంది.

చాలామంది చేసే తప్పు ఇక్కడే. పిన్ను పోతే దొరికిన బోల్టు, కడ్డీ ముక్క పెడతారు. క్లిప్పుకు బదులు మేకు వంచుతారు. సన్నటి కడ్డీ పెద్ద బెజ్జంలో కదులుతుంది. అడుగడుగునా కొట్టుకుంటుంది. బెజ్జం కోడిగుడ్డులా సాగుతుంది. కడ్డీ నడుము అరిగి ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. పిన్ను బయటికి తీసి చూడండి. మధ్యలో సన్నబడితే దాన్ని పారేయాల్సిందే. వెల్డింగు పెట్టి నెట్టుకురావడం కాదు.

అమెరికాలో కార్ల వెనుక కూడా ట్రాలీలు కడతారు. అక్కడ పిన్నుకు బదులు ఇనుప గుండు ఉంటుంది. దాని మీద గిన్నె బోర్లించినట్టు ట్రాలీ ముక్కు కూర్చుంటుంది. 2 అంగుళాల గిన్నెకు 2 అంగుళాల గుండే కావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువైనా గతుకులో గిన్నె లేచిపోతుంది. ఏ దేశమైనా ఇనుము సంగతి ఒక్కటే!

ఎత్తు కూడా చూడాలి. చదును నేల మీద ట్రాలీ తగిలించి పక్కనుంచి చూడండి. ముక్కు పైకి లేవకూడదు, కిందికి వంగకూడదు. వెనుక చక్రాల ఇరుసు కంటే ఎత్తులో మాత్రం ఎప్పుడూ తగిలించకూడదు. అలా బరువు లాగితే, గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి. ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీదే పడుతుంది.

రెండు చక్రాల ట్రాలీ అచ్చం ఎడ్లబండే. బరువంతా వెనుక వేస్తే ఏమవుతుంది? నొగలు లేచి ఎద్దుల మెడకు పలుపు బిగుస్తుంది. ఇక్కడ కొక్కేన్ని పైకి లాగుతుంది, ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు పోతుంది. బరువంతా ముందు వేస్తే కొక్కెం మీద పడుతుంది, ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. మధ్యలో సర్ది, ముందువైపు కాస్త మొగ్గేలా వేయాలి.

పిన్నుతో పాటు గొలుసు అడగండి. పిన్ను విరిగినా గొలుసు ట్రాలీని పట్టి ఉంచుతుంది. ట్రాలీ ముక్కు కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా రెండు గొలుసులు కడితే ఇంకా మేలు. విరిగిన ముక్కు నేలలో గుచ్చుకోకుండా ఆ గొలుసులే ఉయ్యాలలా ఆపుతాయి. మలుపు తిరగడానికి చాలినంత వదులు చాలు. గొలుసు నేల మీద ఈడ్చుకుపోకూడదు.

తగిలించేటప్పుడు ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఎవరూ నిలబడొద్దు. "కొంచెం వెనక్కి రా" అంటూ పిల్లలే ముందు దూరతారు. పిలిచి పక్కకు లాగండి. బెజ్జం సరిపోయిందా అని వేలు పెట్టి చూడొద్దు. డ్రైవరు ట్రాక్టరు ఆపి, బ్రేకు వేసి దిగాకే పిన్ను పెట్టాలి.

విప్పేటప్పుడు ముందు ట్రాలీ చక్రాలకు రాళ్లు పెట్టాలి. ముక్కు కింద స్టాండు దించాలి. ట్రాలీలో వెనుక బరువుంటే పిన్ను తీయగానే ముక్కు గబుక్కున పైకి లేస్తుంది. దాని మీదికి వంగి ఉన్నవాళ్ల దవడ పగులుతుంది. పక్కనే నిలబడి పిన్ను తీయాలి. తీసిన పిన్నును, క్లిప్పును కొక్కేనికే తగిలించి ఉంచితే మర్నాడు పొద్దున్నే కడ్డీ ముక్క కోసం వెతికే పని ఉండదు.