పాట ఒకటి, నడక ఒకటి కారాదు



ఇక్కడ ఆక్లాండ్‌లో పుట్టి పెరిగిన మన పిల్లలు తెలుగు క్రైస్తవ కీర్తనలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చక్కగా పాడుతున్నారు. రాగం వస్తోంది. అర్థం చెప్పవలసింది మనమే.

పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రీస్తు భక్తిని మనకు అలవాటైన కీర్తన పద్ధతిలో అందించారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చదువురాని మన అవ్వలకు ఆ పాటలే బైబిలు పాఠాలయ్యాయి.

అయితే పాటకు బైబిలే ఒక షరతు పెట్టింది. న్యాయం లేనివారి పాటలు వినలేనని దేవుడు అన్నట్టు ఆమోసు గ్రంథం 5వ అధ్యాయం చెబుతుంది. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రిక 2వ అధ్యాయం అంటుంది. పనివారి కూలి బిగబట్టడం ఎంత పాపమో 5వ అధ్యాయంలో ఉంది.

కనుక ఆదివారం పాడిన పాటకు సోమవారం పరీక్ష. మన దుకాణంలో పనిచేసే కొత్త విద్యార్థికి చట్టప్రకారం జీతం ఇస్తున్నామా? మన ఇంట్లో అద్దెకున్నవారికి ఇచ్చిన మాట నిలుపుకుంటున్నామా? నా వృత్తిలో ప్రోగ్రాం రాస్తే చాలదు, అది పనిచేయాలి. పాటా అంతే.

పిల్లలకు ఒక్కొక్క కీర్తనకూ అర్థం చెబుదాం. ఆ అర్థం మన నడకలో వారికి కనబడేలా బతుకుదాం.