ఏజెంట్‌కి రాసిచ్చే కాగితంలో గ్రామసభ మాట ఉండాలి



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గ్రామసభ ఫోటోలు, పోడు భూముల వీడియోలు, ముసలోళ్ల పాటలు ఇప్పుడు మీ ఫోన్లలోనే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా నెట్‌లో ఎక్కించాలంటే పొద్దంతా పడుతుంది. అందుకే కొందరు ఆ పనిని ఏఐ ఏజెంట్‌కి అప్పజెబుతున్నారు. ఏజెంట్ అంటే, మనం ఒక మాట చెబితే తనే కావలసిన సాధనాలు వాడుకుని పని పూర్తిచేసే ప్రోగ్రాం. "ఈ ఫోల్డర్‌లోవి అన్నీ ఎక్కించు" అంటే ఎక్కించేస్తది. మరి ఏది ఎక్కించకూడదో దానికి ఎవరు చెప్పాలె?

వేల్పుల గద్దె దగ్గర ఎవరైనా కెమెరా తీస్తే మన పెద్దాయన ఒక్క చూపు చూస్తాడు. అంతే, ఫోన్ జేబులోకి పోతది. ఏజెంట్‌కి ఆ చూపు తెలవదు. దానికి తెలిసేది రాసిచ్చిందే. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ చూడండి. అందులో ప్రతి సాధనానికీ ఒక పేరు, అది ఏం చేస్తుందో చెప్పే వివరణ, ఏయే సమాచారం ఇవ్వాలో చెప్పే పట్టిక ఉంటాయి. ఏజెంట్ వాటిని చదివే అడుగు వేస్తుంది. కాబట్టి ఆ వివరణ రాయడం ఇంజనీర్ల పని మాత్రమే కాదు, మన పని కూడా.

వికీమీడియా కామన్స్ సంగతే తీసుకుందాం. అక్కడ ఫోటో పెట్టామంటే, లైసెన్స్ షరతులు పాటించే ఎవరైనా దాన్ని వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. ఇచ్చిన లైసెన్స్‌ని తర్వాత వెనక్కి తీసుకోలేం. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు ఫోటోలోనే దాగి ఉంటాయి. అట్లాగే ఎక్కిస్తే గద్దె ఎక్కడుందో లోకానికంతా దారి చూపించినట్టే. అక్కడి అప్‌లోడ్ సాధనంలో హెచ్చరికలను పట్టించుకోకుండా ముందుకు పోయే మీట కూడా ఒకటుంది. పని ముగించడమే లక్ష్యమైన ఏజెంట్ దాన్ని నొక్కదని నమ్మకం ఏముంది? "హెచ్చరిక వస్తే ఆగు, మనిషిని అడుగు" అని రాసి ఉండాలె.

తేదీ సంగతి ఇంకా ముఖ్యం. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచే భూమి మన సాగులో ఉండాలి. గట్లు, బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, పెద్దల వాంగ్మూలాలు కూడా సాక్ష్యమేనని ఆ చట్టం నియమాలు చెబుతున్నాయి. ఇంట్లో ఉన్న 2004 నాటి పాత ఫోటోని ఈరోజు ఫోన్‌తో తీశారనుకోండి. ఫైల్‌లో పడేది ఈరోజు తేదీ. ఏజెంట్ దాన్నే తీసిన తేదీగా రాస్తే, మన సాక్ష్యాన్ని మనమే పాడు చేసుకున్నట్టు. అందుకని "తేదీ, ఊరు, మనిషి పేరు ఊహించి రాయొద్దు. తెలియకపోతే ఖాళీ వదిలి అడుగు" అనే వాక్యం తప్పకుండా ఉండాలె. ఇంకోటి. శ్మశానం ఫోటో హక్కుల ఫైల్‌కి సాక్ష్యం కావచ్చు, అంతమాత్రాన లోకమంతా చూడాలని కాదు. ఆ రెండు దారులూ వేరని కూడా రాయాలె.

ఇది కొత్త ఆలోచనేం కాదు. ఆస్ట్రేలియాలో టెన్నంట్ క్రీక్ దగ్గరి వారుముంగు ఆదివాసులతో కలిసి ముకుర్తు అనే డిజిటల్ భాండాగారం తయారైంది. ముకుర్తు అంటే వాళ్ల భాషలో పవిత్ర వస్తువులు దాచే సంచి. ఏ ఫోటో ఎవరు చూడొచ్చో అక్కడ సముదాయమే నిర్ణయిస్తుంది, ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది.

అయితే ఒక్క మాట. రాత ఒక్కటే తాళం కాదు. ఏజెంట్ రాసిందాన్ని దాటిపోవచ్చు, తప్పుగా అర్థం చేసుకోవచ్చు. కాబట్టి బయటపెట్టే చివరి మీట దాని చేతికి ఇవ్వకండి. అది ఫోటోలు సర్దనీ, పేర్లు పెట్టనీ, వివరణ ముసాయిదా రాయనీ. బయట పెట్టేది మాత్రం గ్రామసభ ఒప్పుకున్నాక, మన మనిషే. ఎక్కించకూడని ఫోటోలు ఏజెంట్ తెరవగలిగే ఫోల్డర్‌లో అసలు ఉంచకండి.

ఆ కాగితం రాసేటప్పుడు ఊరి పెద్దలతో, ఆడవాళ్లతో కూచోండి. ఏది చూపొచ్చు, ఏది చూపొద్దు, ఎవరిని అడగాలి అని గోండిలో, కోయలో, సవరలో, మీ ఇంటి భాషలో అడగండి. రాసింది గ్రామసభలో చదివి వినిపించండి. "ఇది వద్దు" అని ఒక ముసలవ్వ అంటే, ఆ మాట కాగితంలో మొదటి వరుసలో పెట్టండి.

జోహార్! జై ఆదివాసీ!