ముద్దలు లెక్కపెట్టొద్దు



కంచం ముందు కూర్చున్న ఆడపిల్లను చూసి, "ఇంకో ముద్దా? ఇట్లా లావైతే సంబంధాలు ఎట్లా వస్తాయే?" అనేవాళ్లు చాలా ఇళ్లల్లో ఉంటారు. ఒక ఇంట్లో నాయనమ్మ, ఇంకో ఇంట్లో మేనత్త. పక్కనే కూర్చున్న అన్నతో మాత్రం "తిను నాయనా" అంటారు. అదేం లెక్కో!

నాయనమ్మకు పిల్ల మీద పగ లేదు. పెళ్లి బెంగ, అంతే. కానీ ఆ మాట పడ్డ పిల్ల పొద్దున తినకుండా బడికి పోతుంది. అక్కడ కళ్లు తిరుగుతాయి.

పన్నెండు, పదమూడేళ్లప్పుడు ఆడపిల్ల ఒళ్లు చేయడం సహజం. ఎత్తు పెరగాలి. ఎముక గట్టిపడాలి. నెలనెలా పోయే రక్తం మళ్లీ పట్టాలి. ఆ వయసు పిల్లకు రక్తం 12 గ్రాములైనా ఉండాలి. కడుపు మాడ్చుకుంటే ఎక్కడి నుంచి వస్తుంది?

పెద్దావిడతో పోట్లాడితే ఆ కోపం మళ్లీ పిల్ల మీదికే వస్తుంది. పిల్ల లేనప్పుడు మెల్లగా చెప్పండి. "అత్తమ్మా, తినేటప్పుడు దాన్ని ఏమీ అనొద్దు. బరువు సంగతి నర్సమ్మను అడుగుదాం" అనండి. ఉత్త బరువు చూసి లావో సన్నమో చెప్పలేం. వయసు, ఎత్తు కూడా చూడాలి.

ఇంట్లో అందరికీ ఒకటే వంట. పప్పు, ఆకుకూర, వీలైతే గుడ్డు. పిల్లకు వేరే కొలత వద్దు.

నెలసరి ఆగిపోయినా, తిన్నది కావాలని కక్కుతున్నా ఆలస్యం చేయకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోండి. నాయనమ్మను కూడా వెంటబెట్టుకు వెళ్లండి. డాక్టరు మాట ఆమె చెవిన కూడా పడాలి గదా!