ఇంటి మంటకు పూచీ ఎవరిది?

(కాశీబుగ్గలో పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలుస్తూ మీరు రాసిన ఉత్తరంలో ఒక్కటే ప్రశ్న ఉంది. జీడిపిక్కల పనిలో చేతులు పాడుచేసుకున్న ఆడవాళ్ళకు, ముఖ్యంగా వాళ్ళ కూతుళ్ళకు, ఇంటిపట్టునే గాజుపూసలు చేసుకునే పని నేర్పిద్దామనుకుంటున్నాం, ఇంట్లో ఆ మంట పెట్టుకోవడం ఎంతవరకు క్షేమం అని. నేను ఇంజనీరును కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఇళ్ళల్లో చేసే పనుల మీద పరిశోధన చేస్తూ, పూసల పని తెలియకుండానే దాని గురించి రాయడం సిగ్గనిపించి, కొన్ని నెలలపాటు ఆ మంట ముందు నేనూ కూర్చున్నాను. చేసిన పూసల్లో సగం పగిలిపోయాయి. ఎడమ మణికట్టు మీద ఒక మచ్చ మిగిలింది. ఆపాటి అర్హతతో మాట్లాడుతున్నాను.

నిన్న సాయంత్రం ఇక్కడే ఒక ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. ఆవిడ పెళ్ళికి ముందునుంచీ పిక్కలు కొట్టింది. పిక్కను కాల్చి చెక్కసుత్తితో కొట్టే రోజులూ చూసింది, ఆవిరిలో ఉడికించి యంత్రం మీద కోసే రోజులూ చూస్తోంది. పిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆవిడ వేళ్ళు చూపించింది. వేలి కొసలు నున్నగా ఉన్నాయి, గీతల్లేవు. రేషను దగ్గర యంత్రం మీద వేలు పెడితే ఒక్కోసారి ఒప్పుకోదట. "సేతులు మాయి, సరుకు ఆళ్ళది. కాల్తే మాత్రం నీకు జాగర్త నేదంటారు గదమ్మా" అంది.

ఈ 'జాగ్రత్త' అనే మాట దగ్గరే నేను మొదలుపెడతాను. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే యజమానిని అడగడానికి కనీసం ఒక మాట ఉంది. ఇంట్లో జరిగితే అది ఆడదాని అజాగ్రత్త. పొయ్యి దగ్గర కాలినా అంతే, పిక్కల దగ్గర కాలినా అంతే. రేపు పూసల బల్ల దగ్గర కాలినా అదే అంటారు. కాబట్టి ముందు ఆ బల్లకు ఏమేం కావాలో చూద్దాం. చూస్తే అందులో జాగ్రత్త పాలు ఎంతో, డబ్బూ చోటూ సమయమూ పాలు ఎంతో తేలుతుంది.

మన రాష్ట్రంలో గాజుపూసలంటే పాపానాయుడుపేట పేరు చెబుతారు. అది తిరుపతి దగ్గర. అక్కడి సంప్రదాయం కొలిమిది. కరిగిన గాజును సన్నటి గొట్టంగా సాగదీసి ముక్కలు చేస్తారు. పీటర్ ఫ్రాన్సిస్ అనే పూసల చరిత్రకారుడు ఆ పద్ధతిని పరిశీలించి, పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన ప్రాచీన పూసలతో పోల్చి రాశాడు. మీరు అడుగుతున్నది అది కాదు. వారణాసిలోనూ ఉత్తరప్రదేశ్‌లోని పురదిల్‌నగర్‌లోనూ చేసే పద్ధతి లాంటిది. ఒక చేత్తో గాజుకడ్డీ, ఇంకో చేత్తో మట్టిపూత పూసిన ఉక్కు తీగ పట్టుకుని, మంటలో కడ్డీని కరిగిస్తూ తీగ చుట్టూ చుట్టడం. ఒక మనిషి, ఒక బల్ల, ఒక టార్చ్ చాలు. అందుకే ఇది ఇంట్లోకి రావడానికి ఇంత సులువు.

టార్చ్‌కు రెండు వాయువులు కావాలి, వంటగ్యాసు, ఆక్సిజన్. వంటగ్యాసు గాలికంటే బరువైనది. కారితే పైకి పోదు, నీళ్ళలా నేలమీద పరుచుకుని గుంట ఉన్నచోట నిలుస్తుంది. ఇది నాకు పుస్తకంలో చదివితే అర్థం కాలేదు. అద్దెగదిలో వంట సిలిండరుకే టార్చ్ తగిలించి పనిచేశాను, ఆ తప్పు నాదే. ఒకరోజు గొట్టం మెలిక దగ్గర బీటలిచ్చింది. బల్ల దగ్గర కూర్చుంటే ఏ వాసనా లేదు. కిందపడిన తీగ కోసం వంగితే గుప్పుమంది. మంట వెలుగుతూనే ఉంది. ఆరోజు బతికిపోవడం నా జాగ్రత్త కాదు. తీగ జారిపడబట్టి బతికాను.

అంచేత సిలిండరు గదిలో ఉండకూడదు. గోడ అవతల, నీడలో, నిటారుగా, గొలుసు వేసి ఉండాలి. గోడకు నేలబారున కూడా గాలి పోయే కంత ఉండాలి. ఇంటి అవసరానికిచ్చే 14.2 కిలోల సిలిండరును అమ్మకపు పనికి వాడటం 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం నేరం. 19 కిలోల వ్యాపార సిలిండరు తీసుకోవాలి, దాని ధర వేరు. శిక్షణ ఇచ్చేవాళ్ళు ఈ సంగతి చెప్పకుండా "మీ ఇంట్లో గ్యాసుంది కదమ్మా" అంటే, ఆడమనిషిని మంట ముందే కాదు, కేసు ముందు కూడా కూర్చోబెడుతున్నట్టు.

ఆక్సిజన్ సంగతి 2021 చూసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడది ప్రాణం. ఇక్కడ అదే మంటకు బలం. ఆ సిలిండరు మూతికి గానీ రెగ్యులేటరుకు గానీ నూనె చెయ్యి తగలకూడదు. తలకు కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో తిప్పడం మనకు మామూలు, అక్కడ అదే ప్రమాదం. మంట గొట్టంలోకి వెనక్కి పోకుండా ఆపే పరికరాలు రెండు గొట్టాలకూ ఉండాలి. వెలిగించేటప్పుడు ముందు గ్యాసు, తరవాత ఆక్సిజన్. ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజన్, తరవాత గ్యాసు. పని అయ్యాక టార్చ్ దగ్గర కట్టేసి లేచిపోవడం కాదు, సిలిండరు దగ్గరా కట్టాలి.

బల్ల మీద ఉక్కు రేకు గానీ సిమెంటు పలక గానీ పరవాలి. తిత్లీ తుపాను తరవాత పెరట్లో పడి ఉన్న పాత ఆస్‌బెస్టాస్ రేకు ముక్క మంటకు ఆగుతుంది కదా అని తెచ్చి వేయొద్దు, దాని నార ఊపిరితిత్తులకు విషం. తీగకు పూసే మట్టిపూత కూడా పొడిగా గీకకూడదు, నీళ్ళలో ఉంచి తీయాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో టెక్కలి గ్రానైటు క్వారీల చుట్టుపక్కల వాళ్ళు ఎరుగుదురు. మంటలో గాజు పసుపు వెలుగు చిమ్ముతుంది. దాన్ని అడ్డుకోవడానికి డిడీమియం కళ్ళద్దాలే కావాలి, సంతలో దొరికే నల్లద్దాలు పనికిరావు. వేడి గాజూ చల్లటి గాజూ చూపుకు ఒక్కలాగే ఉంటాయి, నా మణికట్టు మచ్చ అందువల్లనే. చేసిన పూసను దాదాపు 500 డిగ్రీల కొలిమిలో ఉంచి నిదానంగా చల్లార్చాలి. లేకపోతే అమ్మాక పగులుతుంది, డబ్బు వెనక్కిమ్మంటారు.

బట్టల గురించి ఒక్క మాట. ఇంట్లో మనం వేసుకునేది పాలిస్టరు నైటీ. అంటుకుంటే అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలు బట్ట, బిగించిన కొంగు, ముడివేసిన జుట్టు ఉండాలి. కాలితే ఇరవై నిమిషాలు పారే నీళ్ళ కింద పెట్టాలి. పేస్టూ సిరా పూయకూడదు.

ఇంతవరకు అన్నీ కొనగలిగినవీ, నేర్చుకోగలిగినవీ. అసలు చిక్కు గాలి దగ్గర. మంట పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లుంటాయి, రంగు గాజులో లోహాలుంటాయి. వాటిని మంట పైనుంచే పీల్చి బయట పారేసే గూడూ ఫ్యానూ ఉండాలి. పీల్చినంత గాలి మనిషి వీపు వైపునుంచి లోపలికి రావాలి. ఆ ఫ్యాను గ్యాసు కారుడికి విరుగుడు కాదు, అది నేలమీద ఉంటుంది కనక. ఇప్పుడు మన ఊళ్ళ ఇళ్ళు తలచుకోండి. గోడకు గోడ ఆనుకున్న వరసలు. ముందు అరుగు, వెనక గది, దాని వెనక వంటిల్లు, పెరడు. పక్కగోడలకు కిటికీ ఉండదు, అవతల పక్కింటివాళ్ళు. పెరట్లో కొబ్బరి కమ్మలు, డొక్కలు. సముద్రపు గాలి వీచినప్పుడు మంట నిలవదు, తలుపు మూయాల్సిందే. మూస్తే పొగ లోపలే. ఒక ఇల్లు అంటుకుంటే వరసంతా అంటుకుంటుంది.

ఇది నా ఊహ కాదు. ఫిరోజాబాద్‌లో గాజుల కొసలు అతికే పని ఇళ్ళల్లోనే జరుగుతుంది. ఆడవాళ్ళూ పిల్లలూ చిన్న మంటల ముందు వరసగా కూర్చుంటారు. మంట కదలకూడదని ఫ్యాను వేయరు, కిటికీ తీయరు. ఆ చీకటి గదుల గురించి దశాబ్దాలుగా రాస్తున్నారు. 1986 బాలకార్మిక చట్టం కింద ప్రమాదకరమైన పనుల జాబితాలో తరవాత గాజు పనినీ చేర్చారు. కానీ యజమాని తన కుటుంబంతో చేసుకునే చోటుకు ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. పని ఫ్యాక్టరీ నుంచి ఇంటికి జారిపోవడానికి ఆ ఒక్క సందు చాలదా? 2016 సవరణతో ప్రమాదకరమైన పనుల్లో కుటుంబం పేరిట కూడా పిల్లలు ఉండకూడదన్నారు. మంచిదే. ఇంట్లో మంట బల్ల ఉన్నప్పుడు బడినుంచి వచ్చిన పదేళ్ళ పిల్ల అమ్మకు కడ్డీ అందించకుండా ఎవరు చూస్తారు?

పెద్దవాళ్ళ విషయానికొస్తే 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడేచోట పదిమంది, లేనిచోట ఇరవైమంది ఉంటేనే వర్తించేది. 2020 కోడ్ దాన్ని ఇరవైకీ నలభైకీ పెంచింది. ఒక్కత్తి కూర్చున్న గది ఏ లెక్కలోకీ రాదు. అసాధ్యమని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో బీడీ చుట్టే స్త్రీని కార్మికురాలిగా గుర్తించింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడిక ఇంటి పనికీ భద్రతా నియమాలు వర్తించాలన్నది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

నా అభిప్రాయం చెబుతాను, మీరు వాదించండి. ఈ వరస ఇళ్ళల్లో, ఇంటి లోపల పూసల బల్ల వద్దు. ఇంటి దగ్గర ఉండనివ్వండి. నాలుగైదు బల్లలకు సరిపడే ఒక షెడ్డు, వీధి చివర, కమ్మల పాకలకు దూరంగా. సిలిండర్లకు బయట జాలీ గది, ఒకే పెద్ద ఫ్యాను, ఒకే కొలిమి, నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి. విడివిడిగా నాలుగిళ్ళల్లో పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువే అవుతుంది.

మరుగుదొడ్డిని ఊరికే కలపలేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు ఒక్క కారణమంటూ ఇంకా తేలలేదు, మంట ముందు కూర్చుంటే కిడ్నీ పోతుందని నేను చెప్పను. కానీ వెళ్ళడానికి చోటు లేదని రోజంతా నీళ్ళు తాగకుండా పనిచేసే ఆడవాళ్ళు మనకు తెలుసు. ఈ నేలమీద, ఇంకో వేడి పనిని ఆ ఏర్పాటు లేకుండా మొదలుపెట్టే హక్కు మనకు లేదు.

నిన్న అరుగు మీద ఇదే చెబితే ఒక అమ్మాయి గట్టిగా అడ్డుపడింది. "బయటికి ఎల్లనిత్తే నాను పలాసలోనే ఏదో పని సూసుకుందును గదా. ఇంట్లో అయితేనే మా అత్త ఒప్పుకుంటది" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటి పని పేరుతో మనం పంచిపెడుతున్నది ఆ అత్త అనుమతినే. తిత్లీ 2018 అక్టోబరులో కొబ్బరినీ జీడినీ కూల్చేశాక ఆ ఇంటికి ఆ పిల్ల సంపాదన అవసరమే. ఆ పిల్ల గడప దాటడం మాత్రం ఇంకా అవసరం అనిపించలేదు. షెడ్డు అని పట్టుబడితే ఆమెలాంటి వాళ్ళు కొందరు రాలేకపోతారు. అది నష్టమే, దాచడం లేదు. అయినా నేను షెడ్డు వైపే ఉంటాను. నలుగురు కలిసి కూర్చున్నచోట ఒకత్తి కొంగు అంటుకుంటే ఇంకొకత్తి చూస్తుంది. సరుకు ధర నలుగురికీ తెలుస్తుంది. మూసిన గదిలో రెండూ ఉండవు.

శిక్షణ ఇస్తామని వచ్చేవాళ్ళను మీరు అడగవలసినవి కొన్నున్నాయి. ఫ్యానూ కొలిమీ కళ్ళద్దాలూ ఎవరు కొంటారు? అప్పుగా ఇస్తారా, సరుకు ధరలో కోస్తారా? పగిలిన పూస ఎవరి ఖాతా? కాలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, రాలేని రోజుల కూలి ఎవరిది? ఇవి నోటిమాటగా కాదు, కాగితం మీద, సరుకు కొనేవాడి సంతకంతో ఉండాలి. సంతకం పెట్టనంటే అక్కడితో ఆపేయండి. టార్చ్‌లు వచ్చాక అడగడం కష్టం.

నిన్న లేచేముందు వేలిముద్రలు పోయిన ఆవిడే ఒకటి అడిగింది. "సెడ్డు తాళంసెవి ఎవలి దగ్గరుంటాది?" అని. నేను అది ఆలోచించలేదు. సిలిండర్ల గది తాళమూ షెడ్డు తాళమూ పనిచేసే ఆడవాళ్ళలోనే ఒకరి దగ్గర ఉండాలనీ, వంతులవారీగా మారాలనీ నాకు తోస్తోంది. మధ్యాహ్నం చర్చలో ముందు దాన్నే తీసుకుందాం.