మెమరీ నిండితే తప్పు ఎవరిది?

(బడ్జ్ బడ్జ్‌లో సిబ్బంది కుటుంబాల ఉగాది సమ్మేళనంలో చేసిన ప్రసంగం)

వడ్డీ రేట్ల గురించి మాట్లాడను, భయపడకండి. మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

శ్రీకాకుళం నుంచి మా అమ్మ వచ్చింది. ఊరు చూడాలని ఆశ, మోకాళ్లు సహకరించవు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఊరంతా తిరిగి ఫొటోలు తీసింది. హుగ్లీ ఒడ్డు, జూట్ మిల్లు గేట్లు, 1914 సెప్టెంబరు 29 నాటి కాల్పుల్లో చనిపోయిన కొమగట మారు ప్రయాణికుల స్మారకం. వాటిని మామ్మకు వరసగా చూపించడానికి పైథాన్‌లో, టికింటర్‌తో చిన్న స్క్రిప్ట్ రాసింది.

అరవై ఫొటోలు దాటేసరికి 4 జీబీ ర్యామ్ ఉన్న మా పాత లాప్‌టాప్ బిగుసుకుపోయింది. "కొత్తది కొందాంలే" అన్నాను. మేనేజ్‌మెంట్ చదివినవాడిని కదా, వనరు చాలకపోతే పెంచడమే తోచింది. "ఆగు నాన్నా, ముందు ఎక్కడ పోతోందో చూద్దాం" అంది అమ్మాయి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాం. పది ఫొటోలకోసారి ఆ స్క్రిప్ట్ వాడే మెమరీని కాగితం మీద రాశాం. మొదట పెరిగి తర్వాత నిలకడగా ఉంటే కంగారు లేదు. మాది మెట్లెక్కినట్టు పెరుగుతూనే ఉంది.

పైథాన్ 3.4 నుంచి దానితోనే వచ్చే ట్రేస్‌మాలాక్ అనే పరికరంతోనూ చూశాం. అది దాదాపు ఏమీ చూపలేదు! పైథాన్ తానుగా తీసుకున్న మెమరీనే అది లెక్కిస్తుంది. ఫొటోల చుక్కలు ఉండే చోటును పిల్లో, టీకే లైబ్రరీలు విడిగా తీసుకుంటాయి. ఒక్క లెక్కనే నమ్మి ఉంటే తప్పు దొరికేది కాదు.

ఇక లెక్క చూడండి. డిస్క్‌లో 4 ఎంబీ ఉండే ఫొటో తెరిస్తే 4,000 అడ్డం, 3,000 నిలువు చుక్కలు. పిల్లోలో చుక్కకు 4 బైట్లు. అంటే మెమరీలో 4.8 కోట్ల బైట్లు, సుమారు 48 ఎంబీ. అరవై ఫొటోలకు 2 జీబీ దాటింది.

చూపించేసిన ఫొటోలు ఎందుకు పోలేదు? టికింటర్‌లో బొమ్మను ఏదో ఒక పేరుతో పట్టుకుని ఉంచకపోతే తెర మీద ఖాళీ కనిపిస్తుంది. అందుకని అమ్మాయి అసలు ఫొటోను, కుదించిన నకలును కూడా ఒక లిస్ట్‌లో చేర్చుకుంటూ పోయింది. తీసేయడం మరిచింది.

మందు చిన్నదే. లిస్ట్ తీసేసి, తెర మీద ఉన్న ఒక్క నకలునే పట్టుకుంది. దాన్ని 800 అడ్డం, 600 నిలువుకు కుదించింది. అది అసలులో 25వ వంతు. అంకె మొదటి చోటికి దిగిరాలేదు గానీ, పెరగడం ఆగింది. అదే చాలు.

మనకు ఇది కొత్తేమీ కాదు. సస్పెన్స్ ఖాతాలో వేసిన ఎంట్రీ ఆ పూటకి పని గడుపుతుంది. సర్దుబాటు చేయకపోతే పేరుకుపోతుంది. దానికి మందు పెద్ద లెడ్జర్ కొనడం కాదు.

ఆ సాయంత్రం మా అమ్మ మంచం మీద కూర్చునే బడ్జ్ బడ్జ్ అంతా చూసింది, రెండుసార్లు. కొత్త లాప్‌టాప్ ఖర్చు మిగిలింది. పిల్లలు "ఆగు, చూద్దాం" అంటే, పెద్దలం కాసేపు ఆగుదాం.