వంటింటి నుంచి నడిచిన ఇల్లు



దారి తప్పిన పిల్లవాణ్ణి ఏం చెయ్యాలి? నాలుగు తగిలిస్తే వాడే దారికొస్తాడు అంటారు కొందరు. జైల్లో పెట్టాలి అంటారు ఇంకొందరు. ఇవాళ నేను ఒక ఇంటి సంగతి చెబుతాను. ఇది కథ కాదు, జరిగింది.

ఇటలీ అనే దేశంలో ట్యూరిన్ అనే పట్నం ఉంది. 1840 దాటాక అక్కడికి పల్లెల నుంచి పిల్లలు కూలికి వచ్చేవారు. తాపీ పనికి ఇటుకలు మోసేవారు. పొగ గొట్టాలు తుడిచేవారు. రాత్రి ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడుకునేవారు. పని దొరకని రోజు ఆకలి. ఆకలైతే దొంగతనం. దొరికితే జైలు.

జాన్ బోస్కో అనే యువకుడు 1841లో పాదిరీ అయ్యాడు. మనం డాన్ బాస్కో అంటామే, ఆయనే. ఆయన జైలుకు వెళ్ళి చూశాడు. 12 ఏళ్ళ నుంచి 18 ఏళ్ళ లోపు పిల్లలు. తిండి చాలదు. ఒంటి నిండా పురుగు కాట్లు. చేతిలో పని లేదు. కొందరు విడుదలై వెళ్ళి మళ్ళీ కొన్నాళ్ళకే వచ్చేవారు. ఎందుకు? బయట వాళ్ళను పట్టించుకునే మనిషి లేడు. అంతే సంగతి.

ఆదివారాలు ఆయన పిల్లల్ని పోగుచేశాడు. ఆటలు, పాటలు, రాత్రి బడి. గోల ఎక్కువైందని చుట్టుపక్కలవాళ్ళు ఒప్పుకోలేదు. చోటు మార్చీ మార్చీ, 1846లో ఊరి చివర ఒక పాక అద్దెకు దొరికింది. ఆ ఏడే ఆయనకు పెద్ద జబ్బు చేసింది. చావు తప్పి బతికాడు. అప్పుడు తల్లిని అడిగాడు, "అమ్మా, నాతో వస్తావా?" అని.

ఆ తల్లి పేరు మార్గరీటా. ఆ ఇంటి పేరు చెబితే అందరూ కొడుకు పేరే చెబుతారు. తప్పులేదు. కాని వంటింటి సంగతి కూడా చెప్పుకోవాలి కదా! ఆమెకు చదువు రాదు. రైతు బిడ్డ. 29 ఏళ్ళకే భర్త పోయాడు. అప్పటికి జాన్‌కు రెండేళ్ళు కూడా నిండలేదు. ఇద్దరు కన్నకొడుకులు, ఒక సవతి కొడుకు, మంచాన ఉన్న అత్త. అదే ఏడు, 1817లో, కరువు. దూడను కోసి ఇంటివాళ్ళ ప్రాణాలు నిలబెట్టింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని అడిగారు. పిల్లల్ని వదలనంది.

కొడుకు పిలిచేటప్పటికి ఆమెకు 58 ఏళ్ళు. మనవలతో చల్లగా కూర్చునే వయసు. 1846 నవంబరులో తల్లీ కొడుకూ నడిచే పట్నం వచ్చారు. పెళ్ళినాటి బట్టలు గుడి అవసరాలకు ఇచ్చేసింది. చిన్న బంగారు గొలుసు ఉంటే అదీ అమ్మేశారు. ఆడవాళ్ళకు తెలుసు గొలుసు అమ్మడమంటే ఏమిటో.

మొదట ఇంట పడుకోనిచ్చిన పిల్లలు తెల్లారేసరికి దుప్పట్లు ఎత్తుకుపోయారు. నవ్వొస్తుంది గానీ, చాలామంది అక్కడితోనే చాలించుకునేవారు. 1847 మే నెలలో ఒక వాన రాత్రి, తడిసి ముద్దయిన 15 ఏళ్ళ కుర్రాడు తలుపు తట్టాడు. తల్లీతండ్రీ లేరు. తాపీ పని వెతుక్కుంటూ వచ్చాడు. ఉన్న డబ్బు అయిపోయింది. ఆ తల్లి వాడి బట్టలు ఆరబెట్టి తిండి పెట్టింది. ఇటుకలు పేర్చి, వాటిమీద పలకలు వేసి, గడ్డి పరుపు పరిచింది. పక్కన కూర్చుని, కష్టపడి బతకడం గురించి, నిజాయితీ గురించి నాలుగు మాటలు చెప్పింది. తర్వాత వంటింటికి బయట తాళం వేశారు! దయ ఉంది, గిన్నెల మీద చూపూ ఉంది. నాకు ఇది నచ్చింది. ఆ రాత్రి ఆమె చెప్పిన మాటలే తర్వాత ఆ ఇళ్ళన్నిటిలో పడుకునే ముందు చెప్పే మంచి మాట అయ్యాయి.

ఆ ఒక్కడితో మొదలై, పిల్లలు ఏటేటా పెరిగారు. 1854 నాటికి వందకు పైనే. మొక్కజొన్న పిండితో మన సంకటి లాంటిది వండేది. రాత్రిళ్ళు దీపం దగ్గర చిరుగులు కుట్టేది. ఒకసారి పిల్లలు యుద్ధం ఆట ఆడి ఆమె కూరగాయల మడి తొక్కేశారు. "నావల్ల కాదు, నేను మన ఊరెళ్ళిపోతా" అంది. కొడుకు ఏమీ అనలేదు. గోడమీది సిలువ చూపించాడు. ఆమె మళ్ళీ కొంగు బిగించింది.

తిండి పెట్టి వదిలేస్తే సరిపోదు. చేతికి పని రావాలి. ఆ రోజుల్లో పని నేర్పే మేస్త్రీలు కుర్రాళ్ళచేత ఇంటి చాకిరీ చేయించుకునేవారు, కొట్టేవారు. డాన్ బాస్కో స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించాడు. 1852 నాటి ఒక కాగితంలో ఇలా ఉంది: వడ్రంగి మేస్త్రీ రెండేళ్ళలో పని నేర్పాలి. తప్పు చేస్తే మాటతో దిద్దాలి, కొట్టకూడదు. వయసుకు మించిన పని చెప్పకూడదు. పండుగ రోజుల్లో సెలవు. ఏడాదికి 15 రోజులు వేరే సెలవు. కూలి వారం వారం ఇవ్వాలి. చూశారా, కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంటే ఆ మేస్త్రీ కాదనడానికి లేదు. 1853లో ఇంట్లోనే చెప్పులు కుట్టడం, బట్టలు కుట్టడం మొదలుపెట్టారు. తర్వాత పుస్తకాలు కుట్టడం, వడ్రంగం, అచ్చుపని వచ్చాయి.

తను రాసినవి ఆయన ముందు తల్లికి చదివి వినిపించేవాడట. ఆమెకు అర్థం కాని మాట ఉంటే తీసేసేవాడట. చదువురాని మనిషి ఆ పుస్తకాలకు పరీక్ష పెట్టింది.

మార్గరీటా 1856 నవంబరు 25న కన్నుమూసింది. పదేళ్ళు ఆ ఇల్లు నడిపింది. డాన్ బాస్కో 1888లో పోయాడు. ఆయన మనుషులు 1906లో మన దేశానికి, తంజావూరుకు వచ్చారు. విజయవాడ పెద్ద రైలు జంక్షన్ కదా, ఇల్లు విడిచిన పిల్లలు అక్కడ దిగుతుంటారు. వాళ్ళకోసం 1989లో నవజీవన్ బాలభవన్ పెట్టారు.

ఇంట్లో అలిగి వెళ్ళిన పిల్లవాడు కనబడకపోయినా, బస్టాండులో ఒంటరి పిల్ల కనబడినా ఫోను చెయ్యడానికి ఒక నంబరు ఉంది. డబ్బులు పడవు. రాత్రయినా పగలయినా ఎత్తుతారు. పేరు, ఊరు, పిల్లవాడు ఎక్కడున్నాడు అన్నది చెప్పాలి. ఇప్పుడు పలకలు తీయండి. నేను బోర్డు మీద రాస్తున్నాను. ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది. 1098.